గీత దాకా

పొద్దున్న ఎనిమిదింపావు. షట్టరింకా సగమే లేచింది.
బియ్యం బస్తాల పక్కన మమ్మల్ని వరస కట్టించేరు,
నలభై ఒక్క మందిమి, నీలం చొక్కాలు, మెడలో పేర్లు.
హైదరాబాదు నుంచి కొత్త పాలసీ దిగిందిట.
మేనేజరు ఇంగ్లీషులో గబగబా చదివి
తెలుగులో తడబడ్డాడు:
గంజాయి, నల్లమందు, మత్తుబిళ్లలు,
ఏది దొరికినా ఆ పూటే లెక్క తేల్చి పంపేస్తారు.
ఇవ్వనంటే దొరికినట్టే.
కింద సంతకాలు. పెట్టేసేం.

తెల్లమూత డబ్బా చేతికిచ్చేడు లేబ్ కుర్రాడు.
తవిటినాయుడని జేబు మీద రాసుంది.
"గీత దాకా" అన్నాడు, నా మొహం చూడకుండా.

ఆ గీత నాకు కొత్తదా.
మాది కవిటి అవతల, ఉద్దానం.
బడి వరండాలో బల్లలేసి ఈ డబ్బాలే పంచేవారు,
నేను మూడో తరగతిలో ఉన్నప్పట్నించీ.
మా నూతి నీళ్లు పట్టుకెళ్లేరు, మన్ను పట్టుకెళ్లేరు,
మా ఉచ్చ పట్టుకెళ్లేరు,
జబ్బెందుకొస్తోందో మాత్రం పట్టుకురాలేదు.
మా ఊళ్లో "నీకెంత?" అంటే
వయసు కాదు, జీతం కాదు,
క్రియాటిన్.
నాన్నకి ఎనిమిది. పెదనాన్నకి పదకొండు దాటేక
అడగడం మానేసేం.
జీడిపిక్కలు కొట్టే లోలాక్షత్త మాత్రం
"నాలుగున్నరేనే, పాసైపోనాను" అని
నల్లబడ్డ వేళ్లు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది.

బాత్రూములో కుళాయిని తీగతో కట్టేసేరు,
నీళ్లు కలిపేస్తామని.
తలుపు బయట సెక్యూరిటీ పార్వతి
"వచ్చిందేటే?" అని రెండుసార్లు అడిగింది.
రాలేదు.
ఎలా వస్తుంది?
కౌంటరు దగ్గర సీసా పెట్టుకోనివ్వరు.
బాత్రూముకి రోజుకి రెండుసార్లే,
మూడోసారి వెళ్తే వాకీటాకీలో నంబరు పిలుస్తారు.
పన్నెండు గంటలు నిలబడ్డానికి
నాలుగేళ్లుగా దాహాన్ని చంపుకోవడం నేర్చుకున్నాను.
ఇన్నాళ్లూ ఆపుకోమన్నవాళ్లు
ఇవాళ రావట్లేదంటే
అనుమానంగా చూస్తున్నారు.

గోడౌన్ ఢిల్లేసు వంతు నాకంటే ముందే అయిపోయింది.
గోధుమపిండి దుమ్ముకి పది రోజుల్నించీ వాడికి దగ్గు.
రాత్రి పాలకొండ రోడ్డు మందులషాపులో అడిగి
ఏదో సీసా తాగేడు.
ఆ కిట్టులో గీత కనబడితే మంచోడట,
కనబడకపోతే దొరికిపోయినట్టట.
వాడికి నాలుగు గీతలొచ్చేయి. ఐదోది రాలేదు.
"దగ్గుమందండి బాబూ, సీసా ఇంట్లో ఉంది, తెస్తాను"
అంటూనే ఉన్నాడు,
మెడలోంచి పేరు తీసేస్తుంటే,
మధ్యలో దగ్గుతూ.

నా డబ్బా ఇచ్చేను. గీతకి కాస్త కిందే.
"బాబూ, ఇందులోనే కిడ్నీది కూడా చూసేయొచ్చేటి?"
"అది పేకేజీలో నేదమ్మా. మత్తుకే డబ్బు కట్టేరు."
అనీసి, ఆగేడు.
"ఏ ఊరు?"
చెప్పేను.
"మాది కంచిలి."

ఐదు గీతలూ వచ్చేయి. ఇక మూత పెట్టాలి.
పెట్టలేదు.
డబ్బాని ట్యూబులైటుకేసి ఎత్తి పట్టుకున్నాడు.
పైన నురుగు.
అణుగుతుందేమోనని ఇద్దరం చూసేం.
వెనకనించి ఎవరో "కానీయండి, కానీయండి" అంటున్నారు.
"నీళ్లు బాగా తాగు" అన్నాడు. "పలాస వెళ్లి ఓసారి..."
మిగతాది చెప్పలేదు.
మావైపు వాళ్లకి మిగతాది అక్కర్లేదు.

పదకొండుకి ఫోనులో మెసేజి:
మీరు అర్హులు. సహకరించినందుకు ధన్యవాదాలు.
పక్కన బొటనవేలి బొమ్మ.

పన్నెండున్నరకి లీటరు నీళ్ల సీసా తెచ్చుకుని
నా డబ్బుతోనే బిల్లు కొట్టుకుని
కౌంటరు దగ్గరే, సరుకుల బండ్లన్నీ ఆగి చూస్తుండగా,
అడుగు దాకా తాగేను.
ఒకసారి వెళ్లొచ్చేను. రెండోసారీ వెళ్లొచ్చేను.
ఇప్పుడిది మూడోది.
"కౌంటర్ ఫోర్, కౌంటర్ ఫోర్..."
పిలవనీ.