తారంబి దొర వేలం

కీల్పాక్ తోటబంగళాలో ఇవాళ వేలం.
మౌంట్ రోడ్డు కంపెనీ గుమాస్తాని నేను,
తెల్లారకముందే వచ్చి జాబితా రాస్తున్నాను.
థార్న్‌బీ అని నోరు తిరగక
పేటంతా తారంబి దొర అంది ఆయన్ని.
చివరికి ఆ పేరుకే పలికేవాడట.

టేకు బీరువాలు నాలుగు,
చీమలెక్కకుండా కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలతో సహా.
పియానో ఒకటి: ఉప్పుగాలికి తీగలు తుప్పుపట్టి
ఏ మెట్టు నొక్కినా దగ్గే.
చెంగల్పట్టు జిల్లాలో ఏడూళ్ళ మిట్టా.
అదీ ఒకనాడు శిస్తు బకాయి వేలంలో కొన్నదే,
ఏ గుమాస్తా రాశాడో ఆ జాబితా.

గోడలు నా లెక్కలోకి రావు,
అయినా తడిమి చూశాను.
గుల్లసున్నంలో గుడ్ల తెల్లసొన కలిపి
నెలల తరబడి నున్నటి రాళ్ళతో రుద్దిన గోడ
నా మొహం నాకే చూపించింది.
ఎన్ని వేల గుడ్లో!
లెక్క పుస్తకంలో ఉండే ఉంటుంది, వెతకలేదు.
చేతికి తగిలింది వేరే పేజీ:
ధాత కరువు, మాఘమాసం.
"గులాబీలకు నీళ్ళు, కపిలలు రెండు, ఎద్దులకు దాణా."
దాని కిందే
"ఏడూళ్ళ శిస్తు, మాఫీ లేదు."
కణక్కుపిళ్ళై దస్తూరీ మాత్రం ముత్యాలే.

మంచివాడేనా అని అడిగితే బట్లరు చిన్నతంబి
"గుర్రం చచ్చిపోతే మూడ్రోజులు అన్నం ముట్టలేదండీ" అన్నాడు.
అది జవాబో కాదో నాకు తెలీలేదు.

పదింటికి జనం.
బ్లాక్‌టౌన్ సేట్లు, పరశువాకం మొదలియార్లు,
టోపీ తియ్యని దొరలిద్దరు.
వాళ్ళ వెనకాల పోలయ్య,
నెల్లూరు వైపువాడు.
గోడ కన్నంలోంచి వచ్చే తాడు
కాలి బొటనవేలికి చుట్టుకుని
పందొమ్మిదేళ్ళు వరండాలో కూచున్నవాడు.
నిద్రలోనూ ఆ కాలు ఆడుతూనే ఉంటుందని
పెళ్ళాం తిడుతుందట.
తాడుకి అవతల ఏముందో ఎన్నడూ చూడలేదు.

ఇవాళ ఎవరైనా లోపలికి రావచ్చు.
వచ్చాడు. పంకా కింద నిలబడి
మెడ నొప్పెట్టేదాకా పైకి చూసి
"ఇంతేనా?" అన్నాడు. "గుడ్డేనా?"

నాకేం తోచిందో,
కలం చెవిన పెట్టి వరండాలోకి వెళ్ళి
చెమటకి నలుపెక్కిన ఆ తాడు పట్టుకుని లాగాను.
నాలుగోసారికే మోచెయ్యి నొచ్చింది.
లోపల ఏమైందో
నాకు కనబడలేదు.
కన్నంలోంచి ఒక గొంతు మాత్రం వచ్చింది,
కళ్ళు మూసుకున్న మనిషి గొంతు:

"ఇంకాస్త జోరుగా."