పద్దెనిమిదో అక్షరం

గురువారం రాత్రి పదకొండున్నర.
రువీలో మా ఆఫీసు కింద జ్యూస్ కొట్టు కూడా మూసేశారు.
ఏసీ మాత్రం ఎవరి మీదో కోపంగా
ఒకే మాట గొణుగుతోంది.

బిల్డు పదకొండోసారి పడిపోయింది.
ఎర్ర అక్షరాల్లో అదే ఫిర్యాదు:
ఫైలు కనబడలేదు.
ఎదురుగానే ఉంది కదరా, ఇదిగో,
ఫోల్డరు తెరిచి చూపించాను,
గుమ్మం ముందు నిలబడి ఇల్లెక్కడని ఫోన్ చేసే
కొరియర్ వాడికి చెప్పినట్టు.

ఆదివారం పొద్దున్నే నీళ్ల ట్యాంకర్ల వాళ్లకి అందాలి ఇది.
అల్ హైల్‌లో ఏ మిద్దె మీది తొట్టి
ఎప్పుడు ఖాళీ అవుతుందో ముందే చెప్పే ప్రోగ్రాం.
నా లాప్‌టాప్‌లో నీళ్లు పారుతున్నాయి.
సర్వర్లో చుక్క లేదు.

వెర్షన్లు దించాను, ఎక్కించాను.
క్యాష్ తుడిస్తే
అప్పటిదాకా నా దగ్గర నడిచింది కూడా ఆగిపోయింది.
నిన్నటి చద్దన్నం తింటూ
పొయ్యి వెలుగుతోందనుకున్నానన్నమాట.
ఖాళీలు లెక్కపెట్టాను. ఈ కాన్ఫిగ్ ఫైలుకి
ఒక్క ఖాళీ ఎక్కువైనా అలకే, తక్కువైనా అలకే,
పెళ్లింట్లో మేనమామలా.

తర్వాత తిట్టడం మొదలుపెట్టాను.
నాకన్నా ముందు ఈ కుర్చీలో కూర్చున్న షిజాస్‌ని.
వీసా రద్దయి వెళ్లిపోయి పది నెలలు.
వాడి పేరు ఇంకా మూడు పాత్‌లలో ఉంది.
సొరుగులో వాడు వదిలేసిన నొప్పుల మందు డబ్బా ఉంది,
నడుం పట్టేసిన రోజు నేను రాసుకున్నది అదే.
అయినా తిట్టాను,
వాడికి రాని భాషలో, వాడు లేని గదిలో.

రాజలింగం మాపు కర్ర తోసుకుంటూ వచ్చాడు.
మెట్‌పల్లి వైపు మనిషి. ఇక్కడ తొమ్మిదేళ్లు.
"కాళ్లు మీదికి తియ్యి సార్."
తీశాను. కుర్చీలోనే బాసింపట్టు వేసుకుని
బాణం మీట నొక్కుతూ ఆ ఒక్క వరుస మీద
అక్షరం తర్వాత అక్షరం నడిచాను,
కరెంటు పోయిన ఇంట్లో గోడ తడుముకున్నట్టు.

అతను కర్ర మీద గడ్డం ఆనించి చూస్తున్నాడు.
"గీత ఒక్కకాడ ఆగింది సార్."
ఏ గీత?
"గదే, మిణుకుమిణుకుమంటది గదా.
నువ్వు ఒత్తినవ్, అది జరగలే.
మల్ల ఒత్తినంక జరిగింది."

వెనక్కి వచ్చి మళ్లీ నడిచాను.
పేట పేరు అయిపోయాక, అడ్డగీతకి ముందు,
నొక్కు ఉంది, అడుగు లేదు.
లెక్క అడిగాను.
నా కంటికి పదిహేడు అక్షరాలు.
యంత్రానికి పద్దెనిమిది.

కుడి నుంచి ఎడమకి రాసే భాష కోసం పెట్టిన గుర్తు అది.
సిరా లేదు, వెడల్పు లేదు.
ఇటు తిరగమని చెప్పడమొక్కటే దాని పని.
ఆ అరబ్బీ ఉత్తరంలో, తన చోట, బుద్ధిగానే ఉంది.
పేట పేరు అక్కణ్ణించి ఎత్తుకొచ్చినవాడి వెంట
చెప్పుకంటిన ఇసుకలా వచ్చేసింది.

ఎత్తుకొచ్చింది ఎవరు?
ఈ వరుస ఎవరిదని పాత మార్పుల చిట్టాని అడిగాను,
షిజాస్ పేరు చదవడానికి కళ్లు సిద్ధం చేసుకుని.
మార్చి నాలుగు, మధ్యాహ్నం రెండూ పది.
నా పేరు.

ఒక్కసారి చెరిపాను.
తెర మీద ఏమీ మారలేదు.
బిల్డు కదిలింది, ఎప్పుడూ పడే చోటు దాటింది,
ఇంకా పోతోంది.

"ఏం తీసినవ్ సార్?"
ఏమో, ఏమీ కనబడలేదు.
"ఏం లేనిదానికి గింత సేపా!"
బకెట్ ఈడ్చుకుంటూ పక్క గదికి పోయాడు.

షిజాస్‌కి ఏం రాయాలో తెలీలేదు.
వాళ్ల ఊళ్లో ఇప్పుడు ఒంటిగంట దాటి ఉంటుంది.
నడుం ఎలా ఉంది, అని రాశాను.
పంపాక చూస్తే నాకే వింతగా ఉంది.

నేల ఆరేదాకా కాళ్లు దించొద్దన్నాడు రాజలింగం.
ఆకుపచ్చ అక్షరాలు వచ్చాక కూడా
దించలేదు.