పాత అద్దెదారు

డండీలో, టే నది గాలి తగిలే
పాత జనపనార మిల్లు మూడో అంతస్తు.
ఇప్పుడది మా కంపెనీ. పదకొండుమందిమి.
తాళంచెవి అక్కర్లేని తాళాలు చేస్తాం,
ఫోను చూపిస్తే తలుపు తెరుచుకుంటుంది.

నన్ను భద్రత కోసమని పెట్టుకున్నారు, వారానికి రెండు రోజులు.
మిగతా మూడు రోజులూ బిల్లులు చూడాలి.

మొదటి సోమవారం అడిగాను:
ఈ గదిలో నెట్‌కి తగిలించినవెన్ని?
లాక్లన్ గాల్లో వేళ్లు మడిచి, ఇరవై, అన్నాడు.
మోరాగ్‌కి కెటిల్ గుర్తొచ్చింది,
రైల్లోంచే నీళ్లు మరగబెట్టొచ్చని తను కొన్నది.
ఇరవై ఒకటి.
స్క్రీను మీద నలభై మూడు.

సాయంత్రందాకా ఒక్కోదానికీ పేరు పెట్టుకుంటూ పోయాం,
బారసాలలా.
లేబుళ్ల ప్రింటరు, గుమ్మం బల్బు,
కాళ్ల మధ్య తిరిగే చీపురు బిళ్ల,
ఎవరిదో వాచీ, ఎవరి కుక్కదో మెడ పట్టీ.
సగానికి పైగా
అట్టపెట్టె విప్పిన రోజు పాస్‌వర్డుతోనే ఉన్నాయి.
చివరికి ఒకటి మిగిలింది.
ఎవరూ కొనలేదు. ఎవరిదీ కాదు.

నిచ్చెన వేసి పైకప్పు పలక జరిపితే
దుమ్ములో ఆకుపచ్చ చుక్క.
మాకన్నా ముందు ఇక్కడ దివాలా తీసిన కంపెనీ
బిగించి మరిచిపోయిన కెమెరా.
వాళ్ల రూటరే వాడుకున్నాం మేం,
గోడ మీద చీటీలోని పాస్‌వర్డుతో సహా,
ఒక పూట పని కలిసొస్తుందని.

వాళ్లు పోయారు. వాళ్ల వెబ్ చిరునామా గడువు తీరింది.
ఎవరో దాన్ని ఎనిమిది పౌండ్లకి కొనుక్కున్నారు.
కెమెరాకి ఇవేమీ తెలియవు.
రాత్రీ పగలూ
పాత యజమానికే బొమ్మలు పంపుతోంది
నమ్మకంగా.

ఆ బొమ్మల్లో మా తెల్లబోర్డు.
బోర్డు మీద మాస్టర్ కోడు, లాక్లన్ చేతిరాత,
కింద రెండు గీతలు కొట్టి: తుడవొద్దు.

తీగ పీకేశాను.
లాక్లన్ లేచి వెళ్లి బోర్డు తుడిచాడు.
నవ్వొచ్చింది. ఎవరం నవ్వలేదు.

మా నెల్లిమర్ల మిల్లులో పనిచేసిన చిన్నాన్న అనేవాడు:
చిల్లుపడ్డ గోనె మోసేవాడికి
దారి పొడుగునా హాయిగానే ఉంటుంది,
బరువు తగ్గుతుంటుంది కదా.

రెండువందల పన్నెండు ఇళ్లకి ఫోను చెయ్యాలి.
మొదటి నంబరు ఫైఫ్‌లో ఒక పెద్దావిడది.
చెప్పిందంతా ఓపిగ్గా విని,
"తలుపు చక్కగానే తెరుచుకుంటోందమ్మా" అంది.