గురువారం బొమ్మ రాదు

మా స్కార్ఫవిక్‌లో నలభై మూడు ఇళ్ళు,
ఒక చేపల ఫ్యాక్టరీ, ఒక చర్చి,
కొండ నెత్తిన ఒక ఇనప స్తంభం.
ఐస్‌లాండ్ మొత్తానికీ ఒకటే టీవీ అప్పుడు,
దానికీ వారానికో సెలవు.
గురువారం బొమ్మ రాదు.
జులై నెలంతా అసలే రాదు.
ఎందుకని అడిగితే అమ్మ
వేళ్ళకంటిన పొలుసులు గోక్కుంటూ
"వాళ్ళకీ ఇళ్ళుంటాయి కదే" అనేది.

మిగతా రోజుల్లో, వార్తలకు ముందు
తెర మీద ఒక గడియారం.
ముల్లు తిరుగుతున్నంతసేపూ
దగ్గినా తప్పే.
పక్కింటి బెర్గ్‌ల్యోత్ అవ్వ
సరిగ్గా ఆ వేళకే వచ్చేది,
ఫ్యాక్టరీ బట్టలు మార్చుకుని
కాలరుకి వెండి పిన్ను పెట్టుకుని.
వార్తలు చదివే ఆయన సూటిగా చూస్తాడు కదా,
చేపల కంపుతో ఎట్లా కూర్చునేది!
చివర్లో ఆయన శుభరాత్రి అంటే
కుర్చీలోంచి సగం లేచి
"నీక్కూడా నాయనా" అనేది.
మేం దిండ్లు కొరుక్కునేవాళ్ళం
నవ్వు బయటికి రాకుండా.

వాతావరణం పటం వచ్చిందంటే మాత్రం
నవ్వు దానంతటదే ఆగిపోయేది.
అమ్మ లేచి వెళ్ళి
వాయవ్యపు సముద్రం మీద వేలు పెట్టేది.
తెర కరెంటుకి
ఆమె చేతి వెంట్రుకలు నిక్కబొడుచుకునేవి.
ఆ వేలి కింద ఎక్కడో నాన్న పడవ.
పటం వెళ్ళిపోయాక
గాజు మీద వేలిముద్ర మిగిలేది.
నాన్న రేవులో దిగేదాకా
దాన్ని ఎవరూ తుడిచేవాళ్ళు కాదు.

చలికాలం స్తంభానికి మంచు కట్టేది.
బొమ్మ ముందు వంకర్లు పోయేది,
తర్వాత ఉత్త చుక్కలు,
తర్వాత ఒక్కొక్క ఇంటి కిటికీలోంచీ
ఒక్కొక్క మొహం కొండవైపు తిరిగేది.
అప్పటికే సగం దారిలో ఒక లాంతరు.
టెలిఫోన్ తీగల హ్యోర్వర్,
భుజాన పార.
ఆయన కొట్టే దెబ్బలు మాకు వినబడవు.
కానీ తెర మీద చుక్కలు ఉలిక్కిపడేవి,
ఒక ముక్కు తేలేది,
ఒక కమాను,
చివరికి సెల్లో వాయించే అమ్మాయి మొత్తంగా.
ఊళ్ళో సగంమంది
ఆ వాయిద్యం వింటూనే గుర్రుపెట్టేవాళ్ళు, నిజం చెప్పాలి.
పూర్తిగా మేలుకుని ఉన్నవాడు
కొండ మీద ఉన్నాడు.
అక్కడ టీవీ లేదు.

మొన్న తమ్ముడి కొడుకు అడిగాడు,
"నేను చూడనిదానికి
నేనెందుకు కట్టాలత్తా డబ్బు?"
వాడి ఫోన్ నిండా వాడికి నచ్చినవే.
నాకు లెక్కలు రావు.
పారని గురించి చెప్పాను,
నలభై మూడు ఇళ్ళ కోసం
ఏ దుకాణంవాడు ఎక్కుతాడురా అంత మంచులో అన్నాను.
"ఇప్పుడైతే డ్రోన్ పంపేవాళ్ళు" అన్నాడు.
నిజమే కావచ్చు.
డ్రోన్‌కైనా ఎవరో ఒకరు
మన ఊరి పేరు చెప్పాలి కదా
అని ఇంటికొచ్చాక తోచింది.
ఇలాంటివన్నీ ఇంటికొచ్చాకే తోస్తాయి.

గురువారం సంగతి చెబుతానని మరిచాను.
గురువారం బొమ్మ రాదు కనుక
హ్యోర్వర్‌కి ఖాళీ.
బూట్లు గుమ్మం దగ్గర విప్పి
మా వంటింట్లో బల్ల చివర కూర్చునేవాడు.
బెర్గ్‌ల్యోత్ అవ్వ ఆ రోజు
పిన్ను లేకుండా, చేపల కంపుతోనే వచ్చేది.
తమ్ముడు గోడ మీద గరిటెతో
గాలులన్నీ ఎటు వీస్తాయో చెప్పేవాడు.
నేను మోకాళ్ళ మధ్య చీపురు నిలబెట్టుకుని
అట్లకాడతో సెల్లో వాయించేదాన్ని,
నోటితో రాగం తీస్తూ,
తెలియని చోట కళ్ళు మూసుకుని.
మంచు కొరికిన వేళ్ళని
కాఫీ కప్పు చుట్టూ చుట్టి
ఆయన చివరిదాకా వినేవాడు.
"మధ్యలో ఏదో వదిలేశావు," అనేవాడు,
"మళ్ళీ మొదట్నించి రానీ."