సరళాదేశం

ఫర్వానియాలో, రొట్టెల పొయ్యి పక్క సందులో
నా టైపింగ్ సెంటర్: ఒక కుర్చీ, రెండు స్టూళ్ళు,
అఖామా ఫారాలు, అరబ్బీ అర్జీలు,
పేజీకి ముప్పావు దీనారు.

పొద్దున్నే ఆవిడ వచ్చింది, పోలిశెట్టి ప్రసూన,
ఎక్స్‌రేలు తీసే మనిషి.
చెల్లెలి కాన్పుకి బయల్దేరితే
ఎయిర్‌పోర్టు గాజు గదిలోంచి వెనక్కి పంపారట.
సంచిలోంచి డిగ్రీ పట్టా తీసింది,
లామినేషన్ మూలల్లో గాలి బుడగలు,
వెనకవైపు ముద్ర మీద ముద్ర.
దాని కింద నుంచి ఇంకో కాగితం. తీర్పు.
"చదివి చెప్పన్నా. నాలుగు పేజీల్లో
నా పేరొక్కటే పోల్చుకున్నాను,
అది కూడా నాదో కాదో."

చదివాను.
పాత క్లినిక్ వాళ్ళు దావా వేశారు,
దొంగ పట్టా, నాలుగేళ్ళ జీతం వెనక్కిమ్మని.
యూనివర్సిటీకి రాసి అడిగారట, జవాబూ వచ్చిందట:
బోలిశెట్టి బ్రసూన అనే విద్యార్థి
మా రిజిస్టర్లలో లేదు.
నిజమే. ఉండదు.

సమన్లు జిలీబ్‌లో పాత గది తలుపుకి అంటించారు.
పదో రోజున మునిసిపాలిటీ బుల్‌డోజరు
తలుపునీ సమన్లనీ కలిపి ఎత్తుకుపోయింది.
వాయిదా నాడు బంట్రోతు ముమ్మారు పిలిచాడు.
ఆ గంటలో ఆవిడ హవల్లీలో
ఎవరి ఛాతీకో ప్లేటు ఆనించి
"ఊపిరి బిగపట్టండి" అంటోంది.
పలకలేదు గనక
వాళ్ళు చెప్పిందే నిజమని రాశారు.
ఎక్స్‌పార్టీ.

నేను ఆ అరబ్బీ పేరు దగ్గర ఆగిపోయాను.
అది నా వేలి పనే.
ఆరేళ్ళ కింద, ఈ కుర్చీలోనే,
ఆవిడ మొదటి ఫారం కొట్టింది నేను.
అరబ్బీలో ప లేదు.
ఉర్దూలో ఉంది, మా ఇంట్లో ఉంది, మూడు చుక్కలతో;
ఈ కీబోర్డులోనూ షిఫ్టు కింద ఎక్కడో నక్కి ఉంది.
ఆఫీసులో ఒప్పుకోరు, ఫారం తిరిగొస్తుంది.
ఒక్క చుక్కతో బ కొట్టేసి
"తర్వాతెవరు?" అన్నాను.

రాయచోటి హైస్కూల్లో ఓబుళరెడ్డి సారు
బెత్తం ఊపుతూ చెప్పేవాడు:
పరుషానికి సరళం ఆదేశం.
క పోయి గ, ప పోయి బ.
"ఎందువల్లరా?" అంటే
"ద్రుతం వల్ల సార్" అనాలి.
ముందు ఒక న ఉండాలి, అది తొయ్యాలి.
ఇక్కడ ఏ నకారమూ తొయ్యలేదు సారూ,
ఆదేశం మాత్రం వచ్చింది,
గుండ్రటి సీలుతో.

చెప్పానా?
చెప్పాను. వెంటనే కాదు.
టీ తెప్పించి, ఫ్యాను పెంచి,
అర్జీ సగం కొట్టాక చెప్పాను.
తిట్టలేదు. నా అఖామా చూపించమంది.

మా నాయన మౌలాలీ పాషా.
కార్డు మీద నేను బాషాని, ఇరవై రెండేళ్ళుగా.
నా కోసం ఎవరూ ఏ రిజిస్టరూ తిరగెయ్యలేదు,
నా దగ్గర ఏ పట్టా లేదు గనక.

అర్జీ చివర ఇలా కొట్టాను:
కోర్టువారు పిలిచిన నాడు ఈమె రాకపోలేదు,
పిలిచిన పేరుకి మనిషే లేదు.
దయచేసి ఆ తీర్పు రద్దుచేసి ఈమె మాట వినండి.
అక్షరం మార్చినవాడు కింద సంతకం చేస్తున్నాడు.
సంతకం ఉర్దూలో పెట్టాను,
మూడు చుక్కలూ ఒత్తి ఒత్తి.
డబ్బులు వద్దన్నాను. స్టూలు మీద పెట్టి వెళ్ళిపోయింది.

మూడు వారాలకి తీర్పు పక్కన పెట్టారు.
గెలుపేం కాదు. కేసు మళ్ళీ మొదటికొచ్చింది, అంతే;
పట్టా సంగతి ఇక ఇప్పుడు తేలాలి.
కొత్త వాయిదాకి నేనూ వెళ్ళాను, చివరి బెంచీ.
ఫైలు మీద పేరు ఇంకా మారలేదు.
బంట్రోతు గొంతు సవరించుకుని అదే పిలుపు,
"బోలిశెట్టి బ్రసూన".

ఆవిడ ఒక్క క్షణం ఊపిరి బిగపట్టింది.
తర్వాత లేచి,
తనది కాని ఆ పేరుకి
"హాజర్" అంది.