నాలుగు వేళ్ళ ఉబ్బు

తూరిన్‌లో, దోరా నది వెనక సందులో
మా మేస్త్రి ఎవాజియో షెడ్డు.
బోర్డు లేదు. సుత్తి చప్పుడే చిరునామా.
నాకు పద్నాలుగేళ్ళు,
ఇసుక సంచి కదలకుండా పట్టుకోవడం నా ఉద్యోగం.

ఆ నవంబరు పొగమంచులో
కొత్త లాంచియా ఒకటి వచ్చి ఆగింది
ముట్టుకుంటే మాసిపోయేలా.
దిగినాయన బాన్యాస్కో. డబుల్ బాస్ వాయిస్తాడు.
ఆయనకంటే ఆ వాద్యమే ఎత్తు.
రైల్లో దానికీ టికెట్టు అడుగుతున్నారట,
టాపు మీద కడితే వానకి గొంతు బొంగురుపోతోందట.
"ఇది లోపల పడుకునే కారు కావాలి."

మేస్త్రి టేపు తియ్యలేదు.
డిక్కీ మూత విప్పాడు, వెనకద్దం ఊడదీశాడు,
టాపు సగానికి రంపం పెట్టాడు.
అంత ఖరీదైన కేక నేనెప్పుడూ వినలేదు.
ఆ ఖాళీలో వాద్యాన్ని ఏటవాలుగా పడుకోబెట్టి
భార్య క్లేలియా దుప్పటి ఒకటి తెచ్చి కప్పి
దాని వీపు వెంట ఇనప తీగ వంచాడు.
"టాపు ఇదీ" అన్నాడు.

నెల రోజులు
రేకు జానెడు జానెడుగా సాగింది.
బాన్యాస్కో నూనె పీపా మీద కూర్చుని
ఒక్కో దెబ్బకీ చెవి ఒగ్గి
"ఇక్కడ శ్రుతి తగ్గింది" అనేవాడు.
నిజమే, అక్కడ రేకు పల్చబడి ఉండేది.

తీరా వెనక తలుపు మూస్తే
ఎడమ మూల వాద్యం తల తగిలింది.
శనివారం కచేరీ. గురువారం రాత్రి.
మేస్త్రి లోపలికి దూరి
కిందనుంచి పైకి తొమ్మిది దెబ్బలు కొట్టాడు.
లెక్కపెట్టింది నేనే.

తర్వాత ఇంకో రెండు చేశాం,
వేటకుక్కల ఆసామికొకటి,
తేనెపెట్టెల వ్యాపారం చేసే ఆవిడకొకటి.
వాటి టాపులు నున్నన.
ఒకటి తుప్పుకి పోయింది. రెండోది ఏమైందో.

ఇవాళ సరస్సు పక్కన పచ్చిక మీద ప్రదర్శన.
తెల్ల చేతితొడుగుల న్యాయనిర్ణేత
టాపంతా నిమిరి, ఎడమ మూల ఆగి
పనితనంలో లోపమని మార్కులు కోశాడు.
కారు ఇప్పుడు ఫియామ్మెత్తా అనే పిల్లది.
"చదును చేయించనా?" అని నన్నడిగింది,
డెబ్భై ఆరేళ్ళ నన్ను.

వెనక తలుపు తియ్యమన్నాను.
చెప్పులు విడిచి, మోకాళ్ళు తిట్టుకుంటూ
లోపలికి పాకి వెల్లకిలా పడుకున్నాను.
ఉబ్బులో పిడికిలి పెట్టి చూశాను.
ఇంకా చోటు మిగిలింది.
వేలి కణుపుతో ఒక్కసారి తట్టాను.

"ఏమైనా వినిపించిందా?" అంది.

"తలుపు వెయ్యమ్మా,
బయట గడ్డి కోసే మిషను గోల."