తడి చొక్కా

ముషీరాబాద్‌లో నా కొట్టు.
కాలిన మోటార్లే నాకు కూడు.
ఏప్రిల్ వస్తే చాలు, వార్నిష్ మాడిన కంపుతో
గుమ్మం ముందు వరస కడతాయి.
వైండింగు విప్పక్కర్లేదు, ముక్కుతోనే చెప్తా
ఏది ఫేజు పోయి కాలింది,
ఏది నీళ్లందక కాలింది.

అలాంటోణ్ణి,
ఒక్క మోటారు కాలకుండా చూడాలని
ఆరు ఆదివారాలు పోగొట్టుకున్నా.
కోడిగుడ్డు కన్నా కాస్త పొడవు, అంతే.
రెండు మూరల పడవది.

అంతకు ముందుది ఒళ్లంతా తిరిగే రకం.
దానికి చొక్కా తొడగడమంటే
బొంగరానికి గుండీలు పెట్టడమే.
కోఠీ గుజరాతీ గల్లీలో మెట్లెక్కి దిగి
పెంకు కదలకుండా లోలోపలే తిరిగేది తెచ్చా.
రాత్రి దాన్ని అరచేతిలో పెట్టుకు కూర్చుంటే
పంకజ అంది:
"పొద్దంతా అవే కదా, ఇప్పుడు కూడానా?"
ఇది ఇంకా కాలలేదే, అన్నా.

బాలానగర్ లేతు మీద ఇలియాస్‌కి
అల్యూమినియం గొట్టం ఇచ్చి, కొలతల కాగితం ఇచ్చా.
కాగితం చూడలేదు. మోటారు అడిగాడు.
వేలితో నిమిరి,
"గోరు మందం సందు వదుల్తా, నీళ్లు నడవాలె గద" అన్నాడు.
రెండు కొసల్లో రెండు గాడులు తీశాడు.
నూటయాభై తీసుకున్నాడు.
బొమ్మ పడవకంటే మాత్రం నమ్మలేదు.

రాణీగంజ్‌లో రబ్బరు రింగులు
డజను కొంటేగాని ఇవ్వరు.
నాకు రెండు చాలు.
మిగిలిన పదీ మేకుకి వేలాడుతున్నాయి,
చంటిపిల్ల నల్లగాజుల్లా.

నూనె రాస్తే కొన్ని రబ్బర్లు ఉబ్బుతాయి.
అంట్లు తోమే సబ్బునీళ్లు పూసి
తిప్పుతూ, నొక్కుతూ, ఊపిరి బిగబట్టి తోస్తే
సగంలో రింగు మెలిపడింది.
తీశా. మళ్లీ.
మూడోసారి లోపలెక్కడో
చిటికె వేసినంత చప్పుడు.
కూర్చుంది.

లాలాగూడ క్వార్టర్ల డెరిక్ గారు,
డీజిలింజన్లకు ముప్ఫయ్యేళ్లు నాడి చూసినాయన,
ఒక్కటే చెప్పారు:
"కింద నుంచి రానీ, పై నుంచి పోనీ.
తిరగేశావో, గాలి లోపల కాపురం పెడుతుంది."
పంకా వెనక ఇత్తడి గొట్టం నోరు తెరుచుకుని ఉంటుంది.
పంకా విసిరిన నీళ్లే ఎక్కుతాయి.
పంపు లేదు.
పంపుల మీద బతికేవాణ్ణి,
కాస్త సిగ్గేసింది.

సఫిల్‌గూడ చెరువు. పొద్దున ఆరున్నర.
నడకకొచ్చినవాళ్లు ఆగి పడవను చూస్తున్నారు.
పడవను నేనెక్కడ చూశా!
నా కళ్లు దాని కుడిపక్క
పెన్సిలు ములికంత రంధ్రం మీద.
రాలేదు.
రాలేదు.
ఒక దగ్గు, ఒక బుడగ,
అప్పుడు ఎండలో వంగి
దారప్పోగులాంటి దార.

"అంకుల్, మీ పడవ ఉచ్చ పోస్తుంది!"
పోయనీ నాన్నా.
ఆగితేనే భయం.

అది తేలేదీ ఆ నీళ్ల మీదే,
దాని జ్వరాన్ని మోసుకెళ్లేదీ ఆ నీళ్లే.
నాచు, సబ్బు నురగ, మా మోరీల మురికి
అన్నీ కలిసిన ఆ పచ్చటి నీళ్లు
మోటారు ఒంటిని ఒక చుట్టు చుట్టి
లోపలికి చుక్క జారకుండా
వచ్చిన చోటికే పోతున్నాయి.

నాలుగో చుట్టులో గుర్రపుడెక్క వేరేదో అడ్డం పడి
దార తెగింది.
మీట వదిలేశా.
పడవ నడిమధ్యలో నిలబడింది.
గాలి దాన్ని ఒడ్డుకి తెచ్చేసరికి ఎనిమిదయింది.
మూత తీసి, చేతి వెనకవైపు ఆనించా.
వెచ్చన. అంతే.
అలవాటు పోదు కదా, ముక్కు దగ్గర పెట్టుకున్నా.
చెరువు వాసన.

సోమవారం కొట్టు ముందు మూడు బోరు మోటార్లు.
ఇవీ నీళ్లలో నిలబడి బతికినవే.
నీళ్లు కిందికి దిగిపోయాయి,
ఇవి తిరుగుతూనే ఉన్నాయి.
ఏ పక్కనా చిన్న రంధ్రం లేదు,
దార ఆగిందని
పైనున్నవాళ్లకి చెప్పడానికి.